నేను లేచాను, టౌన్‌హాలు కూలింది

భవనాలు నిలబెట్టడం నా వృత్తి. సివిల్ ఇంజనీరింగ్ చదివి, అమెరికా వచ్చి, వంతెనలకీ ఆసుపత్రులకీ లెక్కలు కట్టి బతికినవాణ్ణి. అలాంటి నేను మసాచుసెట్స్‌లోని ఒక చిన్న ఊళ్ళో నూరేళ్ళు దాటిన టౌన్‌హాలును నేలమట్టం చేశాను. పలుగు పట్టలేదు, మందుగుండు పెట్టలేదు. కుర్చీలోంచి లేచానంతే. మీరు నవ్వుతారని తెలుసు, నవ్వండి. నాకు మాత్రం ఇన్నేళ్ళయినా ఆ సంగతి గుర్తొస్తే ఆ పూట అన్నం సయించదు.

ఎనభైలు అప్పుడే మొదలైన రోజులవి. హాలు మా ఊరి నడిబొడ్డున ఉండేది. కట్టించినాయన ఇంగ్లాండు నుంచి వచ్చి, ఉన్నిబట్టల మిల్లు పెట్టి గడించిన షావుకారు. డబ్బు ఎక్కువైతే మనవాళ్ళు సత్రం కట్టిస్తారు. ఈయనకు తను పుట్టిన ఊరి టౌన్‌హాలు మీద బెంగ పట్టుకుంది. అచ్చం అలాంటిదే కావాలని అక్కడి శిల్పులను ఓడెక్కించి రప్పించాడు. ఇంగ్లాండులో పాత టౌన్‌హాళ్ళకు కింద తెరిచిన కమానులుంటాయి, వాటి నీడన సంత జరుగుతుంది. పై అంతస్తులో సభలు, తీర్పులు. ఈయనా కింద కమానులు కట్టించాడు గానీ సంతకు పురుగు కూడా రాలేదు. మసాచుసెట్స్ చలిలో, నాలుగు పక్కలా ఈదురుగాలి కొట్టే చోట కూర్చుని క్యాబేజీ ఎవరమ్ముతారు చెప్పండి? చివరికి కమానులను ఇటుకలతో మూసేసి లోపల ఫైరింజన్ పెట్టుకున్నారు.

గోపురానికి నాలుగు వైపులా నాలుగు గడియారాలు. ఏ రెండిటికీ పొత్తు కుదరదు. చూరు మూలన వాననీళ్ళు పోవడానికి ఒక రాతి తల ఉండేది. షావుకారు పనివాళ్ళ మీద ఊరికే నోరు పారేసుకునేవాడట, అందుకని వాళ్ళు ఆయన మొహమే చెక్కి, ఆ నోట్లోంచే నీళ్ళు పడేలా పెట్టి తిరుగు ఓడెక్కేశారు. ఇక మేడ మీది సభాస్థలం చూడాలి. మధ్యలో ఒక్క స్తంభం లేదు. రెండు గోడల నుంచీ ఓక్ దూలాలు మెట్లు మెట్లుగా ముందుకొచ్చి, పల్లకీ మోసే బోయీల భుజాల్లా కప్పును మోస్తుంటాయి. మొదటిసారి చూసినప్పుడు మెడ నొప్పెట్టేదాకా పైకే చూస్తూ ఉండిపోయాను.

ఈ చరిత్రంతా చెప్పింది మా పక్కింటి మిసెస్ హోల్డెన్. ఎనభై దాటిన మనిషి, భర్త పోయి చాలాకాలం. ఊరి పెద్దలు హాలును పడగొట్టి, ఆ చోట చదునుకప్పు ఆఫీసు, పార్కింగ్ లాట్ వేద్దామంటున్నారు. గోడలు ఎప్పుడు పడతాయో తెలియదని భయపెడుతున్నారు. ఆవిడ ఒక రోజు మా గుమ్మంలోకి వచ్చి, నువ్వు ఇంజనీరువి కదా, ఒకసారి చూసిపెట్టమంది.

చూశాను. అటకెక్కి, పావురాల రెట్టల్లో పాకి, ప్రతి దూలాన్నీ సుత్తితో తట్టి చూశాను. గోడలు రాయిలా ఉన్నాయి, రాయే కాబట్టి. పైన పలకలు జారాయి, నీళ్ళ గొట్టాలు పూడాయి, అంతే. అదే చెప్పాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"నా పెళ్ళినాటి డాన్స్ ఆ మేడ మీదే చేశాం. నేను బతికుండగా అది పోకూడదు. అంతకుమించి నాకేమీ అక్కర్లేదు."

ఆ మాటకు నా గుండె చెరువైంది. ఓట్ల సంగతి నాకొదిలెయ్యండి అని మాటిచ్చాను. తాను దూర కంత లేదు, మెడకో డోలన్నట్టు!

అక్కడి పద్ధతి చెప్పాలి. ఆ ప్రాంతపు ఊళ్ళలో ఏడాదికోసారి ఊరంతా ఒకచోట చేరి, తమ సంగతులు తామే ఓటేసి తేల్చుకుంటారు. ఓటరైతే చాలు, ఎవరైనా రావచ్చు. మేమూ, మరో మూడు తెలుగు కుటుంబాలూ అప్పుడే సిటిజెన్లమయ్యాం. అందర్నీ పోగేశాను. మత్తుమందు డాక్టరు ప్రసాదరావుగారు మాత్రం గునిశారు.

"సిటిజెన్‌షిప్ వచ్చి సిక్స్ మంత్స్ కాలేదు, అప్పుడే మనకీ పాలిటిక్స్ ఎందుకండీ?"

"మీరేమీ ఆలోచించక్కర్లేదు డాక్టరుగారూ. నేను లేస్తే లేవండి, నేను కూర్చుంటే కూర్చోండి."

చూశారా, నా గొయ్యి నేనే ఎంత శ్రద్ధగా తవ్వుకున్నానో!

మార్చిలో ఒక శనివారం పొద్దున, వానా మంచూ కలిసి పడుతుండగా ఆ హాల్లోనే సభ పెట్టారు. ఇసకేస్తే రాలనంత జనం. తలుపు దగ్గర చివరి నుంచి రెండో వరుసలో నేను, మా ఆవిడ సరళ, మా వెనకే మా దండు. రెండు పక్షాలూ గంటసేపు కొట్లాడుకున్నాక అధ్యక్షుడు నోటి ఓటు అడిగాడు. రెండు వైపులా కేకలు సమంగానే వినబడ్డాయి. దాంతో, పడగొట్టాలనేవాళ్ళు లేచి నిలబడండి, లెక్కపెడతాం అన్నాడు. జనం లేస్తున్నారు. నేను కుర్చీని రెండు చేతులా పట్టుకుని ధీమాగా కూర్చున్నాను.

సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది. నిట్టనిలువు రాతిమెట్లు ఆగి ఆగి ఎక్కి, తడిసి ముద్దయి, ఆయాసపడుతూ మిసెస్ హోల్డెన్ నా పక్కనే నిలబడింది. ఒక్క కుర్చీ ఖాళీ లేదు.

ఇప్పుడు మీరే చెప్పండి. అంత పెద్దావిడ కర్ర పట్టుకుని వణుకుతూ నిలబడితే మనం కూర్చునుంటామా? చిన్నప్పుడు తాతయ్య వీధిలోంచి దగ్గినా చాప మీంచి లేచి నిలబడ్డవాళ్ళం. నా కాళ్ళు నన్నడగలేదు. లేచి, కూర్చోండని కుర్చీ చూపించాను. అంతే! ఇన్‌స్పెక్టరొచ్చినప్పటి క్లాసులాగా వెనక నా దండంతా లేచింది. కునుకు తీస్తున్న భార్యను కూడా ప్రసాదరావుగారు మోచేత్తో పొడిచి లేపారు. లెక్కపెట్టే పెద్దమనిషి పెన్సిలు ఆడిస్తూ మా పక్కనుంచి వెళ్ళాడు. ముసలావిడకు చోటిచ్చినందుకు మెచ్చుకుంటున్నాడనుకుని, నేనాయనను చూసి చిరునవ్వు కూడా నవ్వాను.

తరువాత, లేచినవాళ్ళు కూర్చోండి, వద్దనేవాళ్ళు లేవండి అన్నారు. గోడకానుకుని నిలబడ్డ నేను ఛాతీ విరుచుకున్నాను, మావాళ్ళు మళ్ళీ లేచారు. పెద్దమనిషి దగ్గరకొచ్చాడు.

"సర్, మిమ్మల్నందర్నీ ఇందాక ఆ పక్షాన లెక్కపెట్టేశాను. దయచేసి కూర్చోండి."

కాళ్ళ కింద నేల కదిలింది. తప్పయింది, అది ఓటు కాదు, మర్యాద అని అరవాలి కదా? అరవలేదు. అధికారి కూర్చోమంటే కూర్చునే పెంపకం మనది. మావాళ్ళు కూర్చున్నారు, నేను గోడకు అంటుకుపోయాను. వెంటనే అడిగితే మళ్ళీ లెక్కపెట్టేవాళ్ళని తరువాత ఎవరో చెప్పారు. చేతులు కాలాక ఆకులు ఎక్కడ దొరుకుతాయో అందరూ చెబుతారు!

హాలును పడగొట్టాలని తీర్మానమైంది. ఓట్ల తేడా మా దండు కన్నా చిన్నది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడటం విన్నారు, నేను మందేస్తే ఉన్న హాలు ఊడింది. కార్లో ప్రసాదరావుగారు చేతులు రుద్దుకుంటూ, "మొత్తానికి గెలిచాం కదండీ?" అని అడిగారు. నేను కిటికీలోంచి బురదమంచును చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు మిసెస్ హోల్డెన్ ఇంటికి వెళ్ళి, ఆయాసంలో ఆవిడ గమనించనిదంతా చెప్పేశాను. ఎందుకు లేచానో కూడా చెప్పాను. ఆవిడ గుమ్మంలోనే నిలబడి వింది.

"ఈ ఊళ్ళో పెద్దవాళ్ళకు లేచి చోటిచ్చేవాళ్ళే లేరని పెళ్ళయినప్పటి నుంచీ సణుగుతూనే ఉన్నాను," అంది. తలుపు మెల్లగా వేసుకుంది. తిట్టి ఉంటే బాగుండేది. ఇంటికొచ్చి గరాజ్‌లో కూర్చుని ఏడ్చాను.

వేసవిలో పడగొట్టడం మొదలుపెట్టారు. ఇనుపగుండు కొడుతుంటే దుమ్ము లేస్తోంది గానీ గోడ చలించడం లేదు. వారంలో తేల్చేస్తామన్న కంట్రాక్టరు ఆకులు రాలేదాకా తంటాలు పడ్డాడు. మిసెస్ హోల్డెన్ రోజూ మధ్యాహ్నం ఎదుటి పేవ్‌మెంటు మీద మడతకుర్చీ వేసుకుని చూసేది. ఒక రోజు ధైర్యం చేసి వెళ్ళి ఆవిడ పక్కన నిలబడ్డాను.

"నువ్వు చెప్పింది నిజమే. గోడలు గట్టివే," అంది తల తిప్పకుండా.

ఇంజనీరుగా నా మాట అంత బాహాటంగా రుజువైన రోజు మళ్ళీ రాలేదు, రాకూడదు కూడా. అలాగే నిలబడి ఉన్నాను. ఆవిడ వంగి, పక్కన మడిచిపెట్టి ఉన్న రెండో కుర్చీని తీసి నా కోసం తెరిచింది.

"కూర్చో. నువ్వు నిలబడితే నాకు భయమేస్తుంది."

కూర్చున్నాను. గోపురం ఒరగడం ఇద్దరం పక్కపక్కనే కూర్చుని చూశాం. ఆ చలికాలం ఆవిడ కూడా వెళ్ళిపోయింది.

కాబట్టి పాఠకులారా, పంచభూతాల సాక్షిగా నా శపథం వినండి. ఏ సభలోనైనా సరే, గవర్నరొచ్చినా గణపతి స్వయంగా ఎలుక దిగి వచ్చినా సరే, లెక్క పూర్తయిందా అని ముందు అడుగుతాను. పూర్తయిందని ఇద్దరు సాక్షులు చెప్పాకే, పెద్దవాళ్ళకు మర్యాదగా లేస్తాను.