సబ్బు వద్దన్న సామాను

ఆ రోజుల్లో నాకు తెలిసింది తక్కువ, ఊహించుకునేది బోల్డు. కువైట్‌కి కొత్తగా వచ్చి సబా అల్ సలేంలో ఒక ఇంట్లో పనికి కుదిరాను. ఇఖామా, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డు, అప్పుడే చేతికొచ్చింది. దాన్ని దిండు కింద పెట్టుకుని పడుకునేదాన్ని (ఎవరో ఎత్తుకెళ్తారని కాదు, ముద్దుకొద్దీ). ఆ ఇంట్లో వంట చూసే కడపక్కే నాకు అమ్మా, అధికారీ.

ఒక పొద్దున మా మామా, అంటే ఇంటి యజమానురాలు, పెద్ద అట్టపెట్టె తెప్పించింది. అందులోంచి కుళాయి ఉన్న గాజు జాడీ, రబ్బరు గొట్టం, గరాటు, బిగుతు మూతల సీసాలు బయటికొచ్చాయి. మా గోదావరి లంకల్లో సారా కాసేవాళ్ల దగ్గర ఇలాంటి గొట్టాలే చూశాను. గొట్టం వెనకాలే పోలీసులనీ చూశాను. మందు నిషేధమున్న ఈ దేశంలో అయితే జైలు, ఆపైన ఇంటికి విమానం. మామా మాత్రం హుషారుగా, "వాడేముందు బాగా కడగాలి. సాబూన్ లా! సబ్బు వాసన పడితే పాడైపోతుంది. వేడినీళ్లు, వెనిగరు, అంతే. యల్లా, కానివ్వు!" అనేసి లోపలికెళ్లింది.

కడగనంటే పని పోతుంది, కడిగితే నేనూ దొంగనే. చివరికో గొప్ప ఉపాయం తట్టింది (అప్పట్లో నా ఉపాయాలన్నీ గొప్పవే). వేలిముద్రలు పడకపోతే చాలు కదా! రబ్బరు గ్లవుజులు తొడుక్కుని, "ప్రభువా, నాకేం తెలీదు" అనుకుంటూ కుళాయి విప్పి లోపలంతా తోమాను, గొట్టంలోకి వేడి వెనిగరు పోశాను, సీసాలు ఉతికిన గుడ్డతో తుడిచాను.

"ఏమ్మే, జాడీ కడుగుతాండావా, ఆపరేషన్ చేచ్చాండావా?" అంది కడపక్క.

"అక్కా, ఇది సారా సామాను. రేపు పోలీసులొస్తే నా వేళ్లు దొరక్కూడదు."

అక్క చేతిలో ఉల్లిపాయ జారి కిందపడింది. వెళ్లి తనూ గ్లవుజులు తొడుక్కొచ్చి, "పొద్దున ఆ పెట్టె మోసుకొచ్చింది నేనే గదమ్మే!" అంటూ పెట్టె తుడవడం మొదలెట్టింది.

అప్పుడే మామా వచ్చింది. మమ్మల్ని చూసి, "మాషా అల్లా!" అని మెచ్చుకుంటూ తన బుగ్గలు పట్టుకుంది. ఇంత శుభ్రం తను చూసిన వీడియోలో కూడా లేదట! వెంటనే వాళ్ల చెల్లెలికి ఫోన్ చేసి, మా చేతుల గురించి గొప్పగా చెప్పింది. తర్వాత టీపొడి, పంచదార, తడిసిన అట్టులాంటి ఒక తెల్లటి పొర తెచ్చి మా ముందు పెట్టింది.

"ఏంటి మామా ఇది?" అన్నాను.

"చాయ్! తియ్యటి చాయ్‌లో ఈ పొర వేసి పులియబెడతాం. కడుపుకి మంచిది."

కడపక్క మెల్లగా గ్లవుజులు విప్పి, "టీ నీళ్లకా మనం ఇంత సచ్చింది!" అంది. ఇద్దరం గిన్నెల గట్టు పట్టుకుని, కళ్లమ్మట నీళ్లొచ్చేదాకా నవ్వాం. మామా కూడా కారణం తెలీకుండానే నవ్వింది.

ఆ టీ బాగానే కుదిరింది, ఆ సామాను పెత్తనమంతా నాకే వచ్చింది. ఇప్పుడు ఇంటికి ఏ పెట్టె వచ్చినా, ఏముందో అడిగి తెలుసుకున్నాకే ముట్టుకుంటాను. కానీ అప్పటి ఆ పిల్ల తలపుకొచ్చినప్పుడల్లా ముద్దొస్తుంది. జైలుకి పోతానని వణుకుతూనే, ఒక్క మూల కూడా వదలకుండా కడిగింది, పిచ్చిది.