బాపు ఇచ్చేసిన ఆటగాడు

ఈ పొద్దున బోధన్ నుంచి వచ్చిన కొత్త బెల్లం పగలగొట్టి నెలకు సరిపడా డబ్బాల్లో సర్దుతుంటే, ఆ వాసనకు ఇందూరులో మా గల్లీ, ఎర్రమట్టి జాజు పూసిన మా అరుగు కళ్లముందుకొచ్చాయి. ఇందూరు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, దసరా చెడుగుడుకు ముందు ఏ గల్లీ పంచిన బెల్లం తింటే ఆ గల్లీ ఆటగాడే. తిన్నాక మారడానికి లేదు. అందుకే బెల్లం పంచే సాయంత్రం దాకా ఆటగాళ్ల బేరాలు నడిచేవి.

మా జట్టు పెద్ద మా నాన్న, మేం బాపు అనేవాళ్లం. ఆ ఏడు మా రాజం అన్నను పక్క గల్లీకిచ్చి, వాళ్ల నర్సింగును తెచ్చుకోవాలన్న మాట వచ్చింది.

"రాజం కూత పెడితె బోధన్ దాకా ఇనొస్తది," అన్నాడు ఒకాయన.

"ఇనొస్తె ఏం లాభం? గీత దాటకముందే దొర్కుతడు. నర్సింగు పట్టిండంటె ఇడువడు. కొడుకని ఎన్కముందాడుతున్నవా అన్నా?" అని ఇంకొకాయన దెప్పాడు.

తలుపు చాటున అన్న, నేను వింటున్నాం. బాపు, "రాజంను తీస్కపోండ్రి" అన్నాడు. అన్న వెళ్లి పక్క గల్లీ బెల్లం తిన్నాడు.

పోటీలో అన్న మా వాళ్లలో ఇద్దరిని తాకి గీత వైపు మళ్లాడు. బాపు లేచి అరిచాడు.

"ఎడమ కాలు పట్టుండ్రి, అది బెణికిన కాలు."

ఆ సంగతి మా ఇంట్లోవాళ్లకే తెలుసు. నర్సింగు ఆ కాలే పట్టాడు. అన్న కూత ఆగిపోయింది.

మా గల్లీ గెలిచింది. ఇంటికొచ్చాక బాపు ఆముదం వెచ్చచేసి, రోజూలాగే అన్న కాలికి రాయబోయాడు. అన్న కాలు ముడుచుకుని, అమ్మ వైపు తిరిగి, "అవ్వా, నువ్వు రాయి" అన్నాడు.