దయామణి ఒప్పుకోలేదు

యాభై ఏళ్ళకు మూడు నెలలు తక్కువగా ఈ బరువు మోస్తున్నాను. తేదీలు మర్చిపోయే మనిషిని కాను కనుక తగ్గించి గానీ పెంచి గానీ చెప్పలేను. ఒక నిజాయితీ గల అమ్మాయి మీద అబద్ధం చెప్పాను. దానివల్ల ఒక పల్లెలో పుట్టబోయే బిడ్డలకు అందవలసిన మందు అందలేదు. చెప్పడానికి రెండు ముక్కలే. ఇంతకాలం ఎందుకు పట్టింది? మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్ళకు చెప్పలేకపోయాను కనుకనే మీకు చెబుతున్నాను.

1974లో విజయవాడ గవర్నరుపేటలో ఒక బట్టల కొట్టు పైన మాకు రెండు గదులుండేవి. పల్లెల్లో జనం ఏ నీళ్ళు తాగుతున్నారో, ఏ జబ్బుతో పోతున్నారో ఇంటింటికీ తిరిగి అడిగి, లెక్క కట్టి, వైద్య సహాయం చేసే సంస్థలకు నివేదికలు రాసివ్వడం మా పని. ముఖ్యంగా ముగ్గురం. సర్కారు కొలువు నుంచి రిటైరైన డాక్టరు గారు. ప్రశ్నల ఫారాలు తయారుచేసి, వచ్చిన జవాబులు తనిఖీ చేసి, పట్టికలు వేసే నేను. ఊళ్ళు తిరిగే దయామణి.

నాకు లెక్కల్లో డిగ్రీ ఉంది. ఎవరైనా ఆఫీసుకు వస్తే డాక్టరు గారు నన్ను చూపించి, “ఆవిడ కూడితే ఇంక మళ్ళీ కూడక్కర్లేదండీ” అనేవారు. ఆ మాట కోసం నేను ఎంత పనైనా చేసేదాన్ని. ఏమైనా చేసేదాన్ని, అని ఇప్పుడు రాయాలేమో.

దయామణిది గన్నవరం దగ్గర పల్లె. కూలి పని చేసుకునే క్రైస్తవుల ఇంటి పిల్ల. పదకొండో తరగతి ప్యాసైంది. ఇరవై ఆరేళ్ళు. ఎక్కడికి వెళ్ళినా ఆడవాళ్ళ మధ్య చతికిలబడి కూర్చుని, వాళ్ళ చంటిపిల్లల్ని ఒళ్ళో వేసుకుని అడిగేది. ఆమె ఫారాలు పసుపు మరకలతో, చెమట మరకలతో వచ్చేవి. మార్జిన్లలో ఏవేవో రాసేది. నాకు అది గిట్టేది కాదు.

ఆ వేసవిలో మాకు అప్పగించిన పని పసికందుల మరణాల లెక్క. ఆరు పల్లెలు. ఎక్కువ మంది బిడ్డలు పోతున్న మూడు పల్లెల్లో గర్భిణీలకు ధనుర్వాతం రాకుండా సూదిమందు వేస్తారు, మంత్రసానులకు బొడ్డు శుభ్రంగా కోయడం నేర్పిస్తారు. మందు మూడు పల్లెలకే సరిపోతుంది. ఏ మూడు అన్నది నా పట్టిక చెప్పాలి.

ఆఖరిది కొల్లేటి అంచున చేపలు పట్టేవాళ్ళ పల్లె. హనుమాన్ జంక్షన్‌లో బస్సు మారి, దిగాక గట్టు మీద రెండు మైళ్ళు నడవాలి. నూట నలభై ఇళ్ళు. అక్కడ మూడేళ్ళలో పదహారు మంది బిడ్డలు పోయారని దయామణి రాసుకొచ్చింది. మిగతా ఏ పల్లెలోనూ ఆరు దాటలేదు. ఫారాలు తిరగేశాను. పదహారింటిలో పదకొండు చోట్ల బిడ్డ పేరు రాయవలసిన గడిలో ‘పేరు లేదు’ అని ఉంది. పోయినప్పటి వయసు చూశాను. ఏడు రోజులు. ఎనిమిది రోజులు. ఏడు. ఏడు. తొమ్మిది. ఏడు.

ఇంట్లో కూర్చుని అంకెలు కల్పించేవాళ్ళకు ఒకే అంకె మళ్ళీ మళ్ళీ తోస్తుంది. అది నాకు తెలుసు. దొంగ లెక్క దొరికిందనుకున్నాను. నిజం చెప్పనా? సంతోషించాను.

మర్నాడే నేను స్వయంగా ఆ పల్లెకు వెళ్ళాను. రెండు రోజులు, రెండుసార్లూ మొదటి బస్సుకు. ఎండుచేపలు ఆరబెడుతున్న ఆడవాళ్ళ ముందు నిలబడి, ఫారంలో ఉన్న ప్రశ్నను ఒక్క మాట పొల్లుపోకుండా చదివాను. మీకు పిల్లలు ఎంతమంది? వాళ్ళలో పోయినవాళ్ళు ఎంతమంది? కొందరు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒక పిల్ల నోరు తెరవబోతే అత్తగారు మోచేత్తో పొడిచింది. అదీ చూశాను. చూసి, గడి నింపుకుని, పక్క ఇంటికి వెళ్ళాను. మొత్తం ఐదు వచ్చింది.

తిరిగొచ్చాక దయామణిని నా గదిలోకి పిలిచి రెండు అంకెలూ పక్కపక్కన పెట్టాను. ఆమె భయపడలేదు. కుర్చీ చూపించకపోయినా కూర్చుంది.

“మీరు ఏమని అడిగారండీ?” అంది.

“ఫారంలో ఏముందో అదే. పిల్లలెంతమందని.”

“అందుకేనండీ. అట్టా అడిగితే పురిట్లో పోయినోళ్ళని చెప్పరు. పేరెట్టని బిడ్డని పిల్లల్లో కలపరండీ. నేనూ మొదటింట్లో మీలాగే అడిగాను. పిల్లల్లేరంది. చూస్తే పాలకి ఆమె జాకెట్టంతా తడిసిపోయి ఉంది. అప్పుడు మార్చానండీ. ఎన్ని పురుళ్ళు పోసుకున్నావమ్మా అని మొదలెట్టాను. ఇంక ఒకటే ఏడుపులు.”

“ప్రశ్న మార్చే హక్కు నీకెవరిచ్చారు?”

“ఎవరిస్తారండీ.” చిన్నగా నవ్వింది. “మీ ఫారాలు మా చెడ్డ నీటుగా ఉంటాయి. రాయాలంటేనే మాకు భయం. కానీ ఆ పదకొండు మంది నిజమండీ అమ్మగారూ. పాలు తాగడం మానేసి బిగుసుకుపోయారంట. కావాలంటే రండి, ఇద్దరం కలిసెళ్దాం. మిగతా ఊళ్ళూ మళ్ళీ అడుగుదాం. అక్కడ నేను మీ ప్రశ్నే అడిగొచ్చాను కదా, అయ్యీ తప్పేనండీ.”

నాకు ఆ క్షణంలోనే అర్థమైంది. తర్వాత ఎప్పుడో తెలిసిందని ఇన్నేళ్ళూ నన్ను నేను నమ్మించుకోవాలని చూశాను, కుదరలేదు. ధనుర్వాతం పసిబిడ్డలను సరిగ్గా ఆ రోజుల్లోనే పట్టుకుంటుందని ఆ నివేదిక ముందుమాటలో డాక్టరు గారు రాశారు, దాని సాపు ప్రతి రాసింది నేను. అంతకన్నా దగ్గరి సాక్ష్యం కూడా నా దగ్గర ఉంది. 1958లో నాకు ఆడపిల్ల పుట్టి ఆరో రోజున పోయింది. పేరు పెట్టలేదు. పిల్లలెంతమందని ఎవరడిగినా ఇద్దరు కొడుకులని చెబుతూ వచ్చాను. ఆ ప్రశ్న రాసేటప్పుడు నాకు ఆ పిల్ల ఎందుకు గుర్తు రాలేదు? గుర్తొచ్చి పక్కకు నెట్టానా?

ఆమె చెప్పింది నిజమైతే ఆరు పల్లెల లెక్కా తప్పు. ప్రశ్న తప్పు. ప్రశ్న నాది. నివేదిక అప్పటికే టైపు అవుతోంది.

పక్క గదిలోకి వెళ్ళాను. డాక్టరు గారు కళ్ళజోడు తీసి, “ఏమంటుందండీ ఆ అమ్మాయి?” అన్నారు.

“ఒప్పుకుందండీ. ఎండలో తిరగలేక ఇంట్లో కూర్చుని రాసిందట.”

“అయ్యో. గట్టిగా ఏమీ అనకండి. మంచి మాటలతో పంపించెయ్యండి” అన్నారు.

పంపించేశాను. ఎందుకు పంపుతున్నామో కూడా ఆమెకు సరిగా చెప్పలేదు. ఆమె డాక్టరు గారి గది గుమ్మం దాకా వెళ్ళింది. ఆయన విసుగ్గా ఉన్నారని చెప్పి ఆపాను. ఆయన విసుగ్గా లేరు.

నా పట్టికలో ఆ పల్లెకు ఐదు అని పడింది. మొదటి మూడింటిలోకి రాలేదు. ఆ తర్వాత దయామణి ఒక ఆసుపత్రిలో పనికి వెళితే వాళ్ళు డాక్టరు గారికి ఉత్తరం రాసి ఆమె గురించి అడిగారు. ఆయన తనకు తెలిసిన నిజం రాశారు. ఆ జవాబు పోస్టు చేసింది నేనే.

1977లో ఒక మధ్యాహ్నం ఏలూరు వెళుతుంటే బస్సు హనుమాన్ జంక్షన్‌లో ఆగింది. దయామణి గంపతో జామకాయలు అమ్ముతోంది. ఒక్కో కిటికీ దగ్గరా ఆగుతూ నా దాకా వచ్చింది. రెండు కాయలు పైకెత్తి, నా ముఖం చూసి, చేయి దించేసి, పక్క కిటికీకి వెళ్ళింది. బస్సు పది నిమిషాలు ఆగింది. నేను దిగలేదు.

సూదిమందు ఆ పల్లెకు ఐదేళ్ళ తర్వాత చేరిందని ఒక నర్సు చెప్పింది. మూడేళ్ళకు పదకొండు మంది అయితే ఐదేళ్ళకు ఎంతమంది? పద్దెనిమిది, శేషం ఒకటి. మందు ఇచ్చినా అందరూ బతికేవాళ్ళు కాదని కొంత తీసేసి చూశాను. ఎంత తీసేయాలి? ఎవరిని తీసేయాలి? మిగతా పల్లెల్లో పేరు లేకుండా పోయిన బిడ్డలు ఎందరో ఎవరూ మళ్ళీ అడగలేదు, కనుక ఈ లెక్క నేను బతికుండగా పూర్తి కాదు.

డాక్టరు గారు 1979లో పోయారు. చివరి వారం రోజూ వెళ్ళి మంచం పక్కన కూర్చున్నాను. నా కూడికల గురించి వాళ్ళ కోడలికి గొప్పగా చెప్పారు. నేను వింటూ కూర్చున్నాను. దయామణిని ఆ బస్సులోంచి చూసిందే ఆఖరు. వెతకలేదు. వెతికానని రాస్తే బాగుండేది, కానీ వెతకలేదు.

మీరు నన్ను క్షమించనక్కర్లేదు, అది మీ చేతిలో ఉన్నదీ కాదు. రాయడం మొదలుపెట్టినప్పటికంటే ఊపిరి కొంచెం సులువుగా ఆడుతోంది. అందుకు కూడా సిగ్గుగానే ఉంది. దయామణి ఇంట్లో కూర్చుని ఏమీ రాయలేదు. ఏమీ ఒప్పుకోలేదు. ఆ పల్లెలో మూడేళ్ళలో పోయిన బిడ్డలు పదహారు మంది.