అక్క తెరవని డబ్బా

మా ల్యాబులో సీనియర్ అక్కది ఎమ్మిగనూరు, నాది ఆదోని. తిండి దొరకని కణం తనలోని భాగాలనే అరిగించుకుంటుంది. అప్పుడు పనిచేసే ప్రోటీన్‌ను పట్టి చూపే యాంటీబాడీ కొత్తగా తెప్పించాం. దాన్ని పరీక్షించడానికి ఆ పొద్దున అక్క కణాలకు ఆహారం ఆపేసింది. మధ్యాహ్నం తన అన్నం డబ్బా కూడా తెరవలేదు.

"తినక్కా" అన్నాను, వెల్లుల్లి కారంతో జొన్నరొట్టె నములుతూ.

"గొడ్లకు మేత ఎయ్యకుండా మా ఇంట్లో ఎవురూ ముద్ద ముట్టరప్పా. వీటిని పస్తు పెట్టింది నేనే గదా."

నవ్వేశాను.

సాయంత్రం మైక్రోస్కోపులో కణాల నిండా ఆ ప్రోటీన్ ఆకుపచ్చ చుక్కలుగా మెరిసింది. యాంటీబాడీ పనిచేసిందని అందరం చప్పట్లు కొట్టాం. అక్క తల వంచుకుంది.

"ఎంత ఆకలైంటే తమను తామే తినింటాయి!"

నా చేతులకు ఇంకా వెల్లుల్లి కారం వాసన. వెనక్కి దాచుకున్నాను.