తాలు కణాలు

ఒక ప్రోటీన్ తీసేస్తే కణ విభజన ఆగాలి. నా పీహెచ్‌డీ మొత్తం ఈ ఒక్క వాక్యం మీద నడుస్తోంది. నిద్రజబ్బు తెచ్చే పరాన్నజీవి ఒకటుంది. ఒకే ఒక్క కణం, చిన్న తోక. దాన్ని మోసే ఈగ కడుపులో ఉండే దాని దశని మేం గుంటూరు దగ్గర ల్యాబులో సీసాల్లో పెంచుతాం. డీఎన్‌ఏకి నకలు తీసే ప్రోటీన్లలో ఒకటి దానికి లేకుండా చేశాను. నకలే లేకపోతే ఇక పంచుకోవడానికేముంది? విడిపోకూడదు.

స్లైడ్ మీద చూస్తే విడిపోవడం ఆగింది. సీసాలో లెక్కపెడితే సంఖ్య పెరుగుతూనే ఉంది. ఏది నమ్మాలో తెలియక మతిపోయింది. రసాయనాలు మార్చాను, సీసాలు మార్చాను, ప్రార్థన కూడా చేశాను.

"రెండిట్లో ఒకటి తప్పమ్మా. ఈ వేసవిలోగా తేలకపోతే టాపిక్ మార్చేద్దాం," అన్నారు మా గైడు గారు. అంటే మళ్ళీ అ ఆల దగ్గర్నుంచి.

చిరాకుతో ప్రత్తిపాడు పక్కన మా ఊరెళ్ళాను. అమ్మ కళ్ళంలో మిరపకాయలు ఏరే కూలికి వెళ్తుంది. నేనూ పక్కన కూర్చున్నాను. చిన్నప్పట్నుంచీ అలవాటైన పనే. ఎర్రకాయలు ఒకవైపు, రంగుపోయిన తాలు కాయలు ఇంకోవైపు.

"ఏంటే, ఇలా చిక్కిపోయావు? నీ పురుగులు నీకు తిండి పెట్టట్లేదా?" అంది అమ్మ. నవ్వుతూ నా చేతుల వంక చూసుకున్నాను. కన్ను చూసేలోపే చెయ్యి తాలుని పక్కకి విసిరేస్తోంది.

నవ్వు ఆగిపోయింది. స్లైడ్ మీదా నేను చేస్తున్నది ఇదే! డీఎన్‌ఏకి రంగు వేస్తే మామూలు కణంలో రెండు నీలం చుక్కలు కనిపిస్తాయి. పెద్దది కేంద్రకం, చిన్నది తోక మొదట్లో. పెద్ద చుక్క కనపడనివాటిని రంగు పట్టలేదనుకుని తాలు కింద వదిలేస్తూ వచ్చాను. సీసా లెక్కలో మాత్రం అవీ కలుస్తున్నాయి.

ల్యాబుకెళ్ళి ఈసారి వదిలేసినవాటినే చూశాను. ఎన్నున్నాయో! నకలు తియ్యలేకపోయినా కణం విడిపోతోంది. ఉన్న ఒక్క కేంద్రకం ఒకదానికి దక్కుతుంటే, రెండోది ఉత్త చేతులతో పోతోంది. అలా విడిపోకూడదని ఈ మాయదారి జీవికి ఎవరూ చెప్పినట్టు లేదు.

గైడు గారు మైక్రోస్కోపులో చాలాసేపు చూశారు. "ఇవి బతికే ఉన్నాయా?"

"తోకలు ఆడుతున్నాయి సార్. ఎలా బతికున్నాయో, ఎంతసేపుంటాయో నాకూ తెలీదు."

"టాపిక్ మార్చొద్దులే. ఇదే రాయి."

నాకు ఏడుపొచ్చింది. నా చదువు నిలబడినందుకో, ఏమీ దక్కకపోయినా ఈదుతున్న వాటిని చూసో, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.