డెమో క్లాసుకు కుట్టించిన జత

కువైట్‌లో ఒక యూనివర్సిటీలో గంటల లెక్కన పాఠాలు చెప్పడానికి చేరిన మొదటి నెల సత్యదుర్గ చీరలే కట్టింది. భీమవరం దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో పద్నాలుగేళ్లు లెక్కలు చెప్పిన మనిషి. చీర లేకుండా క్లాసులో అడుగుపెట్టిన రోజు ఆమెకు గుర్తు లేదు. కువైట్ అమ్మాయిలు ఆమెను చూసి ముచ్చటపడ్డారు. “మిస్, ఈరోజు మీ ఇంట్లో పెళ్లా?” అని ప్రేమగానే అడిగారు. కొంగు పట్టుకుని జరీ చూశారు. పక్కన నిలబడి ఫోటోలు దిగారు. బోర్డు మీద ఉన్నది మాత్రం రాసుకోలేదు. పెళ్లికొచ్చిన ఆవిడ చెప్పే లెక్కలు ఎవరు రాసుకుంటారు?

రెండో నెలలో చుడీదార్లకు మారింది. ఫోటోలు ఆగిపోయాయి. గేటు దగ్గర గార్డు రోజూ కార్డు అడగడం మొదలుపెట్టాడు. అదే గేటులోంచి మార్టిన్ అనే ఇంగ్లండాయన చెప్పులు టపటపలాడించుకుంటూ, నలిగిన చొక్కాతో, ఎవరి వైపూ చూడకుండా వెళ్లిపోయేవాడు. అతనికి పీహెచ్‌డీ లేదు. అయినా పిల్లలంతా డాక్టర్ మార్టిన్ అనేవారు. కాకినాడలో ఆరేళ్లు కూచుని పీహెచ్‌డీ తెచ్చుకున్న సత్యదుర్గ వాళ్లకు ఉత్త మిస్.

బట్టల్లో ఏముంది, అంతా చదువులోనే ఉంది అని స్టాఫ్ రూములో అందరూ అనేవారు. అనేవాళ్లంతా ఇస్త్రీ మడత నలక్కుండా కూచుని అనేవారు. మార్టిన్‌కు ఆ ఇస్త్రీ కూడా అక్కర్లేదు.

ఇదంతా ఆమె పట్టించుకునేది కాదు, గంటల లెక్కన పాఠం చెప్పి ఇంటికి పోతే చాలనుకునే రోజులైతే. కానీ మార్చిలో రెండు సంగతులు ఒకే వారంలో జరిగాయి. భర్త బుజ్జిబాబు పనిచేసే ఆయిల్ కాంట్రాక్టు జూన్‌తో ముగుస్తుందని కంపెనీ చెప్పేసింది. ఆ దేశంలో ఉండటానికి కావాల్సిన ఇఖామా, ఆమెదీ కూతురిదీ, అతని మీదే ఉన్నాయి. అతనికి పని పోతే ముగ్గురూ సామాను సర్దుకోవాల్సిందే. కూతురు అప్పుడే పన్నెండో తరగతిలోకి వస్తోంది. అదే వారం యూనివర్సిటీలో లెక్కలకు ఒక పర్మనెంటు పోస్టు పడింది. అది వస్తే కాగితాలు యూనివర్సిటీ చూసుకుంటుంది. బుజ్జిబాబు ముందు వెళ్లిపోయినా, తల్లీకూతుళ్లు పరీక్షలయ్యేదాకా ఉండొచ్చు.

“నీకు కాక ఎవరికిస్తారే?” అన్నాడు బుజ్జిబాబు. తొమ్మిదేళ్లుగా ఎడారిలో అందరిలా ఒకే రకం కవరాల్ తొడుక్కుని పనిచేసిన మనిషికి లోకం మీద ఉండే నమ్మకం అది.

ఎంపికకు ఒక డెమో క్లాసు. నిజమైన విద్యార్థులకు అరగంట పాఠం చెప్పాలి. వెనక కమిటీ వాళ్లు ముగ్గురు కూచుని మార్కులు వేస్తారు. సత్యదుర్గ పాఠం గురించి బెంగపెట్టుకోలేదు. బట్టల గురించి పెట్టుకుంది. చీర పెళ్లయిపోతోంది, చుడీదారు ఎవరి కంటికీ ఆనడం లేదు. అప్పుడు ఆమెకు భీమవరం కాలేజీ గుర్తొచ్చింది. అక్కడ సోమవారం సోమవారం లేడీ లెక్చరర్లందరికీ యూనిఫాం చీర ఉండేది, బూడిద రంగు మీద మెరూన్ అంచు. ఆ చీరతో బస్సెక్కితే కండక్టరు “మేడంగారికి సీటివ్వండి” అని జనాన్ని జరిపేవాడు. మర్యాద అంటే యూనిఫామే అని ఆమెకు అప్పుడు పడిన ముద్ర.

జాబ్రియాలో యూనివర్సిటీకి దగ్గర్లో నూర్ మహమ్మద్ అనే రాయచోటి టైలరు ఉన్నాడు. తెలుగువాడు దొరికాడన్న సంబరంలో ఆమె మరో కొట్టు చూడలేదు.

“చున్నీ వద్దు భాయ్. జిగేలు వద్దు. మోకాళ్ల దాకా టాపు, కింద ప్యాంటు. కాలరుండాలి. చూడగానే యూనిఫాంలా ఉండాలి, పనిలో ఉన్న మనిషి అని తెలియాలి.”

“అట్లయితే నా చేతిలో పనే గదమ్మా. కొలత సరిపోతే కటింగు గూడా రెడీగా ఉండాది,” అన్నాడు నూర్ మహమ్మద్.

ముదురు నీలం టెర్రికాటన్ జత. కాలరుకూ చేతుల అంచులకూ తెల్ల పైపింగు. ఇంట్లో వేసి చూసుకుంటే అద్దంలో బ్యాంకు ఆఫీసర్లా ఉన్నాననిపించింది. బుజ్జిబాబు “సూపర్” అన్నాడు. మంగఫ్‌లో తామున్న ఫ్లాట్ల వరసలో ఎవరింట్లోనూ పనివాళ్లు లేరు. పెద్ద ఇళ్ల లోపల ఎవరు ఏం తొడుక్కుంటారో అతనికేం తెలుసు, ఎనిమిది నెలల కింద వచ్చిన ఈమెకేం తెలుసు?

డెమో రోజు గార్డు కార్డు అడగలేదు. “దీదీ, ఉధర్ సే,” అని పక్క గేటు చూపించాడు. రద్దీ తప్పిస్తున్నాడు కాబోలనుకుంది. పది నిమిషాల ముందే క్లాసుకు చేరింది. ముందు క్లాసువాళ్లు బోర్డంతా గీసి పోయారు. వెళ్లగానే బోర్డు తుడవడం, కుర్చీలు వరసలో పెట్టడం ఆమెకు పద్నాలుగేళ్ల అలవాటు. తుడుస్తూ ఉండగా పిల్లలు రావడం మొదలైంది. ఒకమ్మాయి ఫోన్లో మాట్లాడుతూ వచ్చి, సగం తాగిన కాఫీ కప్పు ఆమె చేతి పక్కన పెట్టింది.

“ఇది కూడా తీసెయ్, ప్లీజ్. షుక్రన్,” అని థాంక్సు కూడా చెప్పింది.

సత్యదుర్గ కప్పు తీసింది. చెత్తబుట్టలో వేసింది. ఎందుకు తీసిందో ఆ తర్వాత వారం రోజులు ఆలోచించినా తేలలేదు. చెయ్యి వెళ్లిపోయింది, అంతే. ఆమె వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో కమిటీ వాళ్లు ముగ్గురూ నిలబడి ఉన్నారు.

“గుడ్ మార్నింగ్. నేను డాక్టర్ సత్యదుర్గను,” అంది.

క్లాసులో ఒక నవ్వు పుట్టింది. ఎవరో అరబ్బీలో ఏదో అన్నారు, నవ్వు పెరిగింది. కప్పు పెట్టిన అమ్మాయి ముఖం కందిపోయింది. అరగంటసేపు ఆ పిల్ల తలెత్తలేదు. తలెత్తలేదని మిగతావాళ్లంతా ఆ పిల్లనే చూశారు. పాఠం మాత్రం బాగా వచ్చింది. పెట్టెలో పది బల్బులు, అందులో మూడు పాడైనవి. ఒకటి తీసి పక్కన పెట్టి ఇంకోటి తీస్తే, రెండూ పాడైనవే కావడానికి అవకాశమెంత? మొదటిసారి పదిలో మూడు, రెండోసారి తొమ్మిదిలో రెండు. ఒక్క తడబాటు లేదు. ఆ పాఠం ఆమె నిద్రలో కూడా చెప్పగలదు.

మర్నాడు కమిటీలో ఉన్న డాక్టర్ హనాన్ పిలిచింది. ఈజిప్టు మనిషి, ఆ డిపార్టుమెంటులో పదకొండేళ్లుగా ఉంది.

“సబ్జెక్టులో మీకే ఎక్కువ మార్కులు. కానీ ఫారంలో ‘క్లాసులో హుందా’ అని ఒక గడి ఉంది. అందులో ఐదుకు ఒకటి వచ్చింది మీకు.”

“పిల్లలు అల్లరి చేయలేదే! ఒక్కరు కూడా లేచి వెళ్లలేదు.”

“తెలుసు.” హనాన్ తలుపు దగ్గరికి వేసింది. “ఇద్దరిని మిగిల్చాం, మిమ్మల్నీ ఒక జోర్డాన్ ఆవిడనూ. గురువారం డీన్ ముందు మళ్లీ చెప్పాలి. కోటు వేసుకోండి. నల్లది.”

“ఒకటి ఎందుకొచ్చిందో చెప్పండి మేడం.”

“కోటు వేసుకోండని చెప్పాను కదా. ఇంకెంత చెప్పమంటారు?” హనాన్ గొంతు విసుగ్గా లేదు, అలసటగా ఉంది. “నేను వచ్చిన కొత్తలో పిల్లల స్కూలు బూట్ల కంటే ముందు సూటు కొనుక్కున్నాను. ఇవి ఏ ఫారంలోనూ రాయరు.”

కోటు కుట్టించడానికి సత్యదుర్గ నేరుగా నూర్ మహమ్మద్ కొట్టుకే పోయింది. డెమో జత తనకు కలిసి రాలేదనుకుంది తప్ప, దాని మీద ఆమెకు ఇంకా అనుమానం లేదు. పైగా ఆరోజూ అదే వేసుకుంది.

కొట్లో అద్దం ముందు ఒకావిడ నిలబడి చేతులు చాపి కొలత చూసుకుంటోంది. యాభై దాటిన మనిషి. ముదురు నీలం టాపు, అదే ప్యాంటు. కాలరుకు తెల్ల పైపింగు. అద్దంలో ఇద్దరూ పక్కపక్కన కనబడ్డారు.

“అయ్యబాబోయ్, ఒకే తానండీ!” ఆవిడ పకపకా నవ్వింది. “మా మామా, అదేనండి, మా ఇంటి కువైటీ యజమానమ్మ, మొన్నే రెండు జతలు కుట్టించమందండి. ఈ కాలరు మెడకాడ గీసుకుపోద్ది సూడండి, మీక్కూడానా? ఏ ఇంట్లో సేత్తన్నారండీ?”

ఆ యాసలో ఆ ప్రశ్న వినగానే గేటు, కప్పు, నవ్వు, ఐదుకు ఒకటి, అన్నిటి ముడీ ఒక్కసారిగా విడిపోయింది.

“నేను యూనివర్సిటీలో ప్రొఫెసర్ని,” అంది సత్యదుర్గ. అది కూడా నిజం కాదు, ఇంకా గంటల టీచరే. టైలరు వైపు తిరిగింది. “ఏం భాయ్, పనిమనిషి గుడ్డలు కుట్టిస్తావా నాకు? నన్ను చూస్తే ఎలా కనబడ్డాను నీకు?”

నూర్ మహమ్మద్ కత్తెర కింద పెట్టాడు. “ఏందమ్మా అట్లంటావు? యూనిఫాం మాదిరి ఉండల్ల అన్నావు. పనిలో ఉండే మనిషని తెలియల్ల అన్నావు. ఈడ ఆడోళ్లకు నేను కుట్టే యూనిఫాం ఇదొక్కటే. జాబ్రియాలో సగం ఇండ్లకు నేనే కుడతా. బాగలేదని ఎవురన్నా అన్నారా?”

“ఆ మాట ముందు చెప్పొద్దూ?”

“నువ్వు చదువుకున్నదానివి, నేనేం చెప్పేది?”

అద్దం ముందున్నావిడ నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. ఆమె పేరు చిట్టెమ్మ అని, పదిహేనేళ్లుగా ఒకే ఇంట్లో పనిచేస్తోందని సత్యదుర్గకు తర్వాత తెలిసింది. అప్పటికి ఆమె కోనసీమ యాస ఒక్కటే తెలుసు, అది తన సొంత యాసే. చిట్టెమ్మ చేతులు దించి, మెడ దగ్గర కాలరు సర్దుకుంది.

“పనిమనిసి గుడ్డలేనండి,” అంది నెమ్మదిగా. “మాసినవైతే కాదండి.”

చిట్టెమ్మ ఆ కొత్త జత విప్పి సంచిలో పెట్టుకోకుండానే, అలాగే వేసుకుని బయటికి వెళ్లిపోయింది. పిలవాలనుకుంది సత్యదుర్గ. ఏమని పిలవాలో తెలియలేదు. అక్కా అనడానికి ఇప్పుడు నోరెలా వస్తుంది? కాఫీ కప్పు పిల్ల కనీసం అరగంటసేపు తల దించుకుంది. తను కోటు సంగతి కూడా అడగకుండా బస్సెక్కేసింది. మళ్లీ ఆ కొట్టు వైపు పోలేదు.

బుజ్జిబాబు మాల్‌కు తీసుకుపోయి నల్ల కోటు కొనిపెట్టాడు. భుజాల దగ్గర కాస్త వదులు. “సినిమాలో లాయరమ్మలా ఉన్నావు,” అన్నాడు. ఆమె నవ్వలేదు. చిట్టెమ్మ మాట అతనికి చెప్పలేదు.

గురువారం గార్డు లేచి నిలబడి గేటు తీశాడు. అదే గార్డు. క్లాసులోకి వెళ్తే బోర్డంతా పాత లెక్కలు. తుడవబోయి చెయ్యి ఆపుకుంది. ముందు వరసలో కుర్రాడొకడు లేచి తనే తుడిచాడు. డీన్ గంజి పెట్టిన, కాళ్ల దాకా దిగే తెల్ల దిష్‌దాషాలో చివరి వరసలో కూచున్నాడు. పక్కన హనాన్. కొత్త పాఠం తయారు చేసుకునే తీరిక లేక ఆ బల్బుల లెక్కే మళ్లీ ఎత్తుకుంది. ఈసారి మనసు పాఠం మీద లేదు. కోటు చేతులు మణికట్లు దాటి జారుతున్నాయి. మొదటిసారి పదిలో మూడు అని రాసింది. రెండోసారి పదిలో రెండు అని రాసేసింది.

ఒక బల్బు తీసేశాక మిగిలేది తొమ్మిది. తొలి ఏడాది పిల్లలు చేసే తప్పు అది. పద్నాలుగేళ్లలో బోర్డు మీద ఆమె ఎన్నడూ చేయలేదు.

“డాక్టర్,” బోర్డు తుడిచిన కుర్రాడు చెయ్యెత్తాడు. “కింద తొమ్మిది కదా ఉండాలి?”

ఆమె బోర్డు వైపు చూసింది. అంతలో వెనక నుంచి చప్పట్లు. డీన్ నవ్వుతున్నాడు.

“బాగుంది! కావాలనే తప్పు రాశారు కదా? పిల్లలు నిద్రపోతున్నారో మేలుకున్నారో చూడటానికి. ఈ పద్ధతి నాకు చాలా ఇష్టం.”

హనాన్ కాగితం మీద నుంచి తల ఎత్తలేదు. కాదు సర్, పొరపాటు పడ్డాను అనాలి. అది రెండు మాటల పని. జూన్‌కు ఇంకా పదకొండు వారాలే ఉంది. కూతురు అప్పటికే పన్నెండో తరగతి పుస్తకాలకు అట్టలు వేసుకుంటోంది.

“అవును సర్,” అంది సత్యదుర్గ.

ఆదివారం ఉత్తర్వు వచ్చింది. హుందా గడిలో ఐదుకు ఐదు. బుజ్జిబాబు స్వీట్లు తెచ్చి ఫ్లాట్లలో పంచాడు. డీన్‌కు ఆ పద్ధతి ఎంత నచ్చిందంటే, సెమిస్టరు చివర గంటల టీచర్లందరికీ దాని మీద ఒక క్లాసు తీసుకోమని సత్యదుర్గకే అప్పగించాడు. ‘ఆలోచింపజేసే తప్పు’ అని పేరు కూడా ఆయనే పెట్టాడు. స్లైడులు హనాన్ తయారు చేయించింది, సత్యదుర్గతో ఒక్క మాట మాట్లాడకుండా.

ఆ క్లాసుకు పదిమంది దాకా వచ్చారు. సత్యదుర్గ కోటు గుండీ పెట్టుకుని, తను ఎన్నడూ నమ్మని పద్ధతిని నలభై నిమిషాలు వివరించింది. చివర్లో మూడో వరసలోంచి ఆస్మా లేచింది. హైదరాబాదు అమ్మాయి, ఫిజిక్సు చెబుతుంది. ఉతికి ఉతికి రంగు వెలిసిన చుడీదారు, భుజం మీద పిన్ను పెట్టిన చున్నీ. గదిలో మిగతావాళ్లకు అర్థం కాకుండా తెలుగులో అడిగింది.

“మేడం, బోర్డు మీద గా తప్పు మేం రాస్తే గూడ గిట్లనే చప్పట్లు గొడ్తరా? లేకుంటే దీనికి లెక్కలు రావని రాస్కుంటరా?”

చేసి చూడండి అనే మాట సత్యదుర్గ నోటిదాకా వచ్చింది. డీన్ గుమ్మంలో నిలబడి వింటున్నాడు, అర్థం కాకపోయినా చిరునవ్వుతో. ఆమె ఆయన వైపు ఒకసారి చూసి, తనూ చిరునవ్వు పెట్టుకుని, తెలుగులోనే జవాబు చెప్పింది.

“నువ్వు మాత్రం తప్పు రాయకమ్మా.”