పాటన్‌లో మీల్స్ కోసం ఆగినవాడు

ఆ రోజుల్లో నా దృష్టిలో అన్నం కంచంలో పడితేనే భోజనం. ఉప్మా, దోసె, అటుకులు కడుపు పగిలేలా తిన్నా సరే, అది టిఫిన్ కిందే జమ. చివర్లో పెరుగన్నం కలుపుకుంటే గానీ చెయ్యి కడుక్కునే ప్రశ్నే లేదు. ప్రపంచమంతా ఇలాగే తింటుందని నా గట్టి నమ్మకం. (మాది తెనాలి. అక్కడ ఈ విషయాన్ని ఎవరూ చర్చకు పెట్టరు.) అమెరికా వచ్చి క్యారీ అనే ఊళ్ళో ఉద్యోగం చేస్తున్నా ఆ నమ్మకం చెక్కుచెదరలేదు. దాంతోనే నా పెళ్ళిని నేనే చేతులారా చెడగొట్టుకోబోయాను.

మా ఆవిడది (అప్పటికింకా ఆవిడ కాదు లెండి, ఆఫీసులో పక్క సీటు) ఖాట్మండు నుంచి బాగ్‌మతి నది దాటితే వచ్చే పాటన్. వాళ్ళు నేవార్లు, ఆ లోయలో తరతరాలుగా ఉన్నవాళ్ళు. మా ఇంట్లో నానా తంటాలు పడి ఒప్పించాను. వాళ్ళ అమ్మానాన్నలు మాత్రం "అజి సరే అంటే మాకూ సరే" అన్నారు. అజి అంటే నాయనమ్మ. ఆ ఇంట్లో ఆమె మాటకు తిరుగులేదు. సరే, అజి దర్శనానికి ఇద్దరం సెలవు పెట్టి బయల్దేరాం. నా రూమ్మేట్ వరంగల్ మామ (మేనమామ కాదు, స్నేహితుడే) ఎయిర్‌పోర్టుకి డ్రైవ్ చేస్తూ దారంతా కోచింగ్ ఇచ్చాడు. "అరేయ్, ముందు టిఫిన్ పెడ్తరు. ఎగబడి తినకు, ఇజ్జత్ పోతది. కడుపు ఖాళీ ఉంచుకో. మీల్స్ పెట్టినంక దంచు, ముసలమ్మ ఫ్లాట్ అయితది. ఇంకోటి, పెద్దోళ్ళ ముందు మందు ముట్టకు!" మామకి పెళ్ళి కాలేదు, నేపాల్ ముఖం చూడలేదు. అయినా ప్రతి ముక్కా నమ్మాను.

పాటన్ చేరిన మర్నాడు పొద్దున్నే అజి నన్ను గుళ్ళకు తీసుకెళ్ళింది. మనిషి నా మోచేతి దాకా ఉంటుంది, నడక మాత్రం నేను అందుకోలేనంత. పాటన్‌లో గుడికి వేరే వెళ్ళక్కర్లేదు, గడప దాటితే చాలు. సందు మలుపులో వినాయకుడు, ఇంటి వాకిట్లో బుద్ధుడు. అజి ఇత్తడి పళ్ళెంలోంచి ఎవరికీ తక్కువ చెయ్యకుండా అక్షింతలు, బంతిపూలు వేస్తూ పోతోంది. రాతి కృష్ణమందిరం ఎదుట స్తంభం మీద కూర్చుని దణ్ణం పెడుతున్న గరుత్మంతుణ్ణి చూసి నాకు భక్తి పొంగుకొచ్చింది. గుడి చుట్టూ ప్రదక్షిణలు చేసి, అక్కడి పూజారి అడక్కపోయినా గోత్రం చెప్పేశాను. బంగారు గుడి అనే బౌద్ధ విహారంలో ప్రార్థన చక్రాన్ని ఎదురు తిప్పబోతే అజి నా మణికట్టు పట్టుకుని సరిచేసింది. తర్వాత నా నుదుటి మీద దిట్టంగా తిలకం దిద్ది నవ్వింది. హమ్మయ్య, సగం పని అయిపోయింది అనుకున్నాను.

మధ్యాహ్నం గడ్డి చాపల మీద వరసగా కూర్చోబెట్టి ఆకుల్లో వడ్డించారు. మధ్యలో అటుకుల గుట్ట. చుట్టూ వేయించిన నల్ల సోయా గింజలు, అల్లం ముక్కలు, గుడ్డు, కారం పట్టించిన మాంసం, మన మినపట్టుకు అక్కలాంటి 'బారా'. టిఫినే ఇంత ఘనంగా ఉంటే మీల్స్ ఇంకెలా ఉంటుందో! కోడిపిల్లలా నాలుగు గింజలు ఏరుకుని తిని, మారు వడ్డించబోతే ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాను. అజి ఇత్తడి కూజా ఎత్తి, అంత ఎత్తునుంచి మట్టి ప్రమిదలోకి ఇంటి సారా పోయబోయింది. పరమ సాధువులా ముఖం పెట్టి "నో నో, అజీ" అన్నాను. ఆమె చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. మామగారు (కాబోయే) కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టారు. నేను మాత్రం అన్నం గిన్నె ఎటునుంచి వస్తుందా అని మెట్ల వైపు చూస్తున్నాను. అందరూ లేచి చేతులు కడుక్కున్నారు. అజి నిచ్చెన మెట్లెక్కి పైకి వెళ్ళిపోయింది.

"ఎందుకు తినలే? ఏమైంది నీకు?" అంది మా ఆవిడ పళ్ళు బిగించి. (ఆమెకు తెలుగు నేర్పింది మా వరంగల్ మామే. అందుకే ఆమె నన్ను ఈనాటికీ వరంగల్ యాసలోనే తిడుతుంది.)

"మీల్స్ కోసం ఆగాను."

"ఏం మీల్స్? గదే మీల్స్! ఆ పోసింది దీవెన, తెల్సా? మా తిండి నీకు నచ్చలేదని అజి ఏడుస్తున్నది."

ఈ పిల్ల లేకుండా క్యారీకి తిరిగి వెళ్ళడమా? ఆ పక్క సీటు చూస్తూ ఎలా బతకడం? అజికి ఇమ్మని అమ్మ పంపిన మాగాయ సీసా బ్యాగులోంచి లాక్కుని మెట్ల మీదికి పరుగెత్తాను. "ఆగు! పైకి పోవద్దు!" అని వెనకనుంచి చొక్కా పట్టుకుంది. వింటేగా! పై ద్వారం దూలం ఠంగుమని తలకు తగిలింది. కళ్ళు బైర్లు కమ్మి, దాదాపు సాష్టాంగంగా లోపల పడ్డాను. ఇంటి కప్పు కింద వంటిల్లు. పొయ్యి పక్కన అజి, ఆమె ముందు మట్టి కుండలో గట్టి పెరుగు.

నాకు వాళ్ళ భాష రాదు. కడుపు చూపించాను, అటుకుల బుట్ట చూపించాను. ఆమె గిన్నెలో ఇన్ని అటుకులు పోసింది. పెరుగు వేసుకుని, ఉప్పు చల్లి, మాగాయ నంజుకుని ఆవురావురుమంటూ తిన్నాను. పెరుగులో ఉప్పేమిటని అజి ముక్కు చిట్లించింది. చిన్న మాగాయ ముక్క ఆమె అరచేతిలో పెట్టాను. నాలిక్కి రాసుకుంది, కళ్ళనిండా నీళ్ళు. కొంగుతో తుడుచుకుని మళ్ళీ చెయ్యి చాపింది. తర్వాత కూజా ఎత్తింది. ఈసారి నేను గుటుక్కున మింగి దగ్గుతుంటే నా వీపు నిమిరింది.

మెట్ల మీద మా ఆవిడ తల మాత్రమే కనిపిస్తోంది. అజి ఏదో చెప్పింది. మా ఆవిడ దాన్ని నాకు తెలుగులో చెప్పింది. "బయటోళ్ళని ఈ వంటింట్లకు రానియ్యరు. మా మేనత్త మొగుడు గూడ పెళ్ళైనంకనే ఎక్కిండు. అజి ఏమంటున్నదంటే, 'వంటింట్ల కూసొని తిన్నోడు ఇంక బయటోడు ఎట్లయితడు? ముహూర్తం చూడున్రి' అని."

ఇప్పుడు మా ఇంట్లో అటుకులు పెట్టిన రోజు మామ వస్తే "మీల్స్ ఏడ రా?" అంటాడు. అదే మీల్స్ అని నేనే వడ్డిస్తాను. మా వంటిల్లు కిందే, ద్వారం నిలువెత్తు కంటే ఎక్కువే. అయినా ప్లేటు పట్టుకుని లోపలికి వెళ్ళేటప్పుడు నా తల దానంతటదే వంగుతుంది. "నాన్నా, డోర్ పెద్దగానే ఉంది కదా, వై డు యూ డక్?" అని మా అమ్మాయి నవ్వుతుంది. తల వంచాలని తెలియకుండా ఆ మెట్లెక్కిన కుర్రవాణ్ణి తలచుకుని నేనూ నవ్వుతాను, ఆ పాత బొప్పి ఉన్నచోట ఒకసారి తడుముకుని.